అప్పలరాజు పట్టిన అల

బుధవారం, రాత్రి

తుపాను నాడు గోపాలపట్నంలో కరెంటు పోయి మా మేడ మీది జీపీఎస్ రిసీవర్ ఆగిపోయింది. సబ్బవరంలో, నాతోపాటే పరిశోధన చేస్తున్న అప్పలరాజు ఇంటి మీదిది మాత్రం ట్రాక్టర్ బ్యాటరీతో నడుస్తూనే ఉంది. తుపాను మేఘాల్లో పుట్టిన అలలు అంతెత్తున విద్యుత్ కణాలతో నిండిన అయనోస్పియర్ పొరను కూడా కదిలించాయని, ఉపగ్రహ సంకేతాలు అందుకే తడబడ్డాయని వాడి గ్రాఫ్ చెబుతోంది. పరిశోధనలో చేరినప్పటి నుంచి ఇద్దరం వెతుకుతున్నది అదే. ఇవాళ మా గైడ్ వాడి భుజం తట్టారు. నేనూ నవ్వాను గానీ కడుపు మండిపోయింది.

"రేపు సెమినార్‌లో సెప్పాలి. తప్పులుంటే సూడు బావ," అని వాడే ఫైలు ఇచ్చాడు.

తప్పు దొరకాలనే కూర్చున్నాను. దొరికింది. ఒకచోట మన టైముకు మార్చకుండా గ్రీనిచ్ టైమే ఉంచేశాడు. సరిచేస్తే అల తుపాను వేళకు ఇంకా బాగా సరిపోతోంది. చెప్పకపోతే రేపు అందరి ముందూ ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఇందాక ఫోన్ చేశాడు.

"ఏటి బావ, సూసావా?"

"సూత్తన్నాను," అన్నాను.

అప్పటికి చూడడం అయిపోయి చాలాసేపైంది.