నూతి నీళ్ళు తాగకు

బావా,

నూతి నీళ్ళు గుక్కెడు కూడా తాగకు. శ్రావ్యకి పొద్దున్నుంచి వాంతులు, విరేచనాలు ఆగడం లేదు. ఒళ్ళు చల్లబడిపోతోంది. ఆటో రాగానే పలాస ఆసుపత్రికి తీసుకెళుతున్నాను. నీ ఫోను మోగుతోంది కానీ నువ్వు ఎత్తడం లేదు. చేద తాడు విప్పి బియ్యం డబ్బాలో దాచాను. పక్కింటి గౌరి వదిన అడిగినా ఇవ్వకు. ఆవిడ పిల్లలూ ఈ నీళ్ళే తాగుతున్నారు, వెంటనే చెప్పు. మన శ్రావ్య గౌన్లు రెండు పట్టుకుని ఆసుపత్రికి రా. "నాన్నేడీ" అని అడుగుతూనే ఉంది.

దారిలో నాగేంద్రబాబు మేస్త్రీ ఇంటి దగ్గర మాత్రం ఆగకు. ఆయన కట్టిన మన సెప్టిక్ గొయ్యికి సిమెంటు అడుగు లేదు. ఇది చదవగానే ఆయన కాళ్ళు విరగ్గొట్టడానికి బయల్దేరతావు, నీ సంగతి నాకు తెలుసు. కానీ నువ్వు కంచిలి వెళ్ళిన రోజు ఆయన అడుగు పోయడానికి ఊచలు కట్టాడు. "ఇది ఇసక నేలమ్మా, అడుగు ఎయ్యకపోతే మురుగంతా నూతిలోకి దిగిపోద్ది" అని మొత్తుకున్నాడు కూడా. "నీకేటి మేస్త్రీ, అడుగు లేకపోతే గొయ్యి ఎన్నేళ్ళకీ నిండదంట, తీసెయ్" అని మన ఇంటి మనిషే ఆ ఊచలు పీకించింది.

మా అక్క కూతురి పెళ్ళిలో గొయ్యి పొంగి, వియ్యాలవారు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు, గుర్తుందా? మన గుమ్మంలో అలా జరగకూడదనుకున్నాను. డాక్టరు అడిగితే ఎలాగూ చెప్పాలి. ముందు నీకే చెబుతున్నాను.

ఆటో వచ్చింది. మేస్త్రీని ఏమీ అనకు. ఊచలు పీకించింది నేనే, బావా.