చప్పుడు కాని బంతి

...అందుకే నిన్నటి కాగితం సగంలో ఆపేశాను అమ్మా. "ఇక్కడ మేమంతా క్షేమం" అని రాశాక చదువుకుని కొట్టేశాను. బాపు వేళకు షాపు తీస్తున్నాడు, వేళకు కట్టేస్తున్నాడు. నేను వండింది ఉప్పెక్కువైనా ఏమీ అనకుండా తింటున్నాడు. క్షేమమంటే ఇదే అయితే క్షేమమే. నువ్వు హైదరాబాదులో బాగున్నావనే అనుకుంటున్నా.

నీ ఉత్తరం నా దోస్తు ఎస్తేర్ వాళ్లింటికి చేరింది. చున్నీలో దాచి తెచ్చిచ్చింది. "మీ అమ్మ గోల్ఫ్ కోచా, దవాఖాన్ల డాక్టరా? ఎప్పుడు చూడు ఊపిరి పీల్చు, ఊపిరి వదులు అనే రాస్తది" అంది. చదివేసిందని కోపం రాలేదు. నీ మాటలు చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

నువ్వు అడిగినవన్నీ చేస్తున్నా. ప్రతి బంతీ కొట్టే ముందు దాని వెనక్కి వెళ్లి దారి చూసుకుంటున్నా. ఒక పొడుగాటి ఊపిరి తీసుకుని, పట్టర్ కర్ర ఒకసారి గాల్లో ఊపి, అప్పుడే కొడుతున్నా. పోయిన బంతి గురించి ఆలోచించడం మానేశాను. మన పై గదిలోనే, షాబాద్ బండల మీద గుంతకు బదులు స్టీలు గ్లాసు పడుకోబెట్టి, నువ్వు ఇక్కడున్నప్పుడు ఆడినట్టే ఆడుతున్నా.

మరి పోయిన సెలక్షన్‌లో బంతులన్నీ గుంతకు ఇవతలే ఎందుకు ఆగిపోయాయని అడిగావు. ఆ రోజు గ్రౌండు బయట నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "గుంత దాటి పోయినా మంచిదే బిడ్డా. ఇవతల్నే ఆగిన బంతి ఎన్నటికి పడదు."

గడ్డి తడిగా ఉందని చెప్పాను. అబద్ధం అమ్మా.

ఈ గది కింద బట్టల షాపు. గల్లా దగ్గర బాపు. నువ్వు కోచ్‌గా చేరడానికి వెళ్లిపోయినప్పటి నుంచి, నీ పేరు వినపడితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోతాడు. బంతి తగిలితే గ్లాసు మోగుతుంది కదా. అందుకని అందులో దుబ్బాక తువ్వాల ముక్క కుక్కాను. అయినా భయమే. బంతి గ్లాసు దాకా వెళ్లీ వెళ్లనట్టు కొట్టడం అలవాటు చేసుకున్నాను. నువ్వు చెప్పిన ఊపిరంతా పీల్చి, ఇన్నాళ్లూ నా చేతులకు నేర్పింది వినపడకుండా ఉండటమే. అక్కడ గడ్డి మీద నిలబడితే చేతులు అదే చేశాయి.

ఈ ఆదివారమే ఆఖరి సెలక్షన్. పేరొస్తే హాస్టల్లో సీటు, నీ దగ్గర ఆట. రాకపోతే బాపు చూసిన కాలేజీలో ఇక్కడే.

ఇంకొకటి కూడా ఉంది. నాకు పేరొస్తే బాపు ఒక్కడే కూర్చుని అన్నం తింటాడు. గుంత చుట్టూ ఉండే గ్రీన్ గడ్డి మీద బంతి వెనక నిలబడగానే గుంత కనపడదు, ఆ కంచమే కనపడుతుంది. దానికి ఏ ఊపిరి పీల్చాలో నువ్వు రాయలేదు.

ఇందాక గుడ్డ తీసేశాను. గట్టిగా కొట్టాను. గ్లాసు ఖంగుమంది, దొర్లి గోడకు కొట్టుకుంది. కింద తాను నేసిన తువ్వాలలు తెచ్చిన దుబ్బయ్య తాతతో బాపు బేరం చేస్తున్నాడు. మాట ఆగిపోయింది. మళ్లీ మొదలవుతుందని చూశాను. కాలేదు. ఇదిగో, నీకు రాస్తూ కూర్చున్నా.

మెట్ల మీద అడుగులు.

తలుపు కొట్టాడు. తిడతాడేమోనని కళ్లు మూసుకున్నా. తిట్టలేదు. తలుపు అవతల నుంచే మెల్లగా అడిగాడు.

"బిడ్డా... మీ అమ్మ గిట్ల వచ్చిందా?"

ఏం చెప్పాలమ్మా? మళ్లీ కొడుతున్నాడు. కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నా.

ఇట్లు,
మీ ఇద్దరి బిడ్డ
భరణి