ప్రవళిక బరువు, సారు మోకాలు

చేవెళ్ల
మొయినాబాద్ బడిలో ఆటలు నేర్పే వరప్రసాద్ సారుకు, ప్రవళిక నాయనమ్మ రాధమ్మ నమస్కరించి రాయునది.

మొన్న మీరు పిల్లల బరువులు జోకి, ఆరో తరగతి చదివే మా ప్రవళిక బరువు మైకులో చదివారట. "ఇంత బరువుతో ఉరికితే మోకాలు విరుగుతది" అని కబడ్డీ జట్టులోంచి తీసేశారట. ఆ రోజు నుంచి పిల్ల కాంటా ఎక్కదు, ఆటకు పోదు. "అవ్వా, నేను పడితే పగులుతనా?" అని అడుగుతున్నది.

నేను జీవితమంతా బడిలో లెక్కలు చెప్పినదాన్ని. నోటి లెక్క ఒప్పుకోను. ఆమె బరువు కాగితం మీద రాసి, బడి ముద్ర వేసి పంపండి. నాకు అవసరమున్నది.

ఇట్లు,
రాధమ్మ

తా.క.: గ్రాములు కూడా రాయాలి.

*

మొయినాబాద్
పూజ్యులు రాధమ్మ గారికి,

ముద్ర కాగితం ఎందుకో మాకు అర్థమైంది. దయచేసి కేసు దాకా పోవద్దు. బరువెక్కువున్న పిల్లలు పడితే మోకాలి దగ్గర ఎముక విరిగే ప్రమాదం ఎక్కువని మాకు శిక్షణలో చెప్పారు. అందుకే పాపకు స్కోరు రాసే పని ఇచ్చాను. కుర్చీ కూడా వేయించాను.

విధేయుడు,
వరప్రసాద్

తా.క.: ఆ రోజు మైకు సరిగ్గా పనిచేయలేదు. వెనక వరుసలకు వినపడలేదు.

*

చేవెళ్ల
వరప్రసాద్ సారుకు,

కేసు మాట నేను ఎత్తలేదు, మీరే ఎత్తారు. దవాఖానలో డాక్టరమ్మను అడిగాను. ప్రమాదం కొంత ఎక్కువే, అబద్ధం కాదన్నది. "అట్లని కూసోబెడితే కాళ్లల్ల బలం ఎట్లొస్తదమ్మా? మంచిగ పడుడు నేర్పియ్యమనుండ్రి" అన్నది.

పిల్ల లావుగానే ఉన్నది. మా ఇంట్లో అందరమూ అంతే. అందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వం. ఆమెను ఆడించండి, కుర్చీ మీరు ఉంచుకోండి. బుధవారం బడికి వస్తున్నాను. కాగితం సిద్ధంగా ఉండాలి.

రాధమ్మ

తా.క.: నాతో నర్సింహులు వస్తాడు. ఇటువంటి వాటిలో చేవెళ్లలో ఆయన మాటకు తిరుగులేదు.

*

దవాఖాన మంచం మీద నుంచి
రాధమ్మ గారికి,

మీ వకీలు నర్సింహులు గారు రాకముందే పాపను ఆడించాలని మంగళవారమే పిలిచాను. "పడుడెట్లనో చూడుండ్రి" అని నేనే కూతకు పోయాను. ప్రవళిక నా మడమ పట్టుకున్నది. నేను చెప్పినట్టే పాప చక్కగా పడింది. నేను చెప్పినట్టు నేను పడలేదు. నా మోకాలి చిప్ప పగిలింది. నేనేమో సన్నటోణ్ణి.

తప్పు పాపది కాదు. పాపను జట్టులో తీసుకున్నాం. ముద్ర కాగితం జతచేశాను.

వరప్రసాద్

తా.క.: పాప చూడటానికొచ్చి, "సార్, స్కోరు రాస్తరా? కుర్చీ ఖాళీగనే ఉన్నది" అన్నది.

*

చేవెళ్ల
వరప్రసాద్ సారుకు,

నర్సింహులు వకీలు కాదు, బెల్లం సేటు. ప్రవళిక మళ్లీ ఆటకు దిగితే సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం, అంటే ఆమె బరువంత బెల్లం, ఇస్తానని మొక్కుకున్నాను. పిల్ల కాంటా ఎక్కనన్నది కాబట్టి మీ కాగితం అడిగాను. తల్లికిచ్చే దాంట్లో పిడికెడు కూడా తగ్గకూడదు.

ఇప్పుడు కాగితం అక్కర్లేదు. నిన్న బజారులో అందరి ముందు తనే కాంటా ఎక్కి కూర్చుని, "గట్టిగ చదువు సేటూ" అన్నది. మీ లెక్క కంటే కాస్త ఎక్కువే తూగింది. నాకు సంతోషమే.

మీ మోకాలు అతుక్కోవాలని కూడా మొక్కాను. వెంటనే మీ బరువు రాసి పంపండి.

రాధమ్మ

తా.క.: ఉత్తరంలో రాస్తే చాలు. మైకు అక్కర్లేదు.