ఏ పనీ చెయ్యని చిన్న గది

ప్రియమైన అమ్మకి,

"పూజ్యురాలైన అమ్మగారి పాదపద్మములకు" అని మొదలుపెట్టమని పిన్ని పక్కనే కూర్చుని పోరుతోంది. మనిషిని మనిషి పూజించకూడదన్నది నా సిద్ధాంతమని నీకు తెలుసు కదా, అందుకే ప్రియమైన అని రాశాను. ఏమీ అనుకోకు. ఇక్కడ నేనూ, నాన్నా, పిన్నీ ముగ్గురమూ నిక్షేపంలా ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ దగ్గర పురుళ్ళ పని నేర్చుకుంటున్న నర్సులూ, మీ చేతుల్లో పుట్టిన పిల్లలూ హాయిగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. వంటింటి కుళాయి కారడం మానేసింది. నేనే బిగించాను, ఇప్పుడు రెండు చేతులూ వేస్తే తప్ప తిరగదు. అన్నం వేళకే తింటున్నాను. జుట్టు కత్తిరించుకోలేదు, ఎవరు చెప్పినా కత్తిరించుకోను. ఇక ఆఖరున, కింద రెండు గీతలు గీసి మరీ అడిగావే, "నువ్వూ నాన్నా మాట్లాడుకుంటున్నారా?" అని, దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే తేల్చుకో.

గొడవ గురించి పిన్ని నీకు రాసే ఉంటుంది, నా వైపు నుంచి కూడా విను. ఆ రోజు నాన్న కళ్ళజోళ్ళ కొట్టులో ఒక పెద్దాయన ఫ్రేము ధర విని వెనక్కి పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూపు ఆననివాడి దగ్గర లాభం పుచ్చుకోవడం దోపిడీ అని అక్కడికక్కడే అనేశాను. కొట్టు నిండా మనుషులున్నారు. ఒక కరపత్రంలో చదివిన పేరా మొత్తం అప్పజెప్పాను కూడా. నాన్న అద్దం తుడుస్తూ, "పేరా అయిపోయిందా? అయితే తలుపు దగ్గరికి వేసి వెళ్ళు" అన్నాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఉప్పు కావాలన్నా పిన్నికి ఫోన్ చేసి, ఆవిడ చేత ఆయనకి ఫోన్ చేయించేవాణ్ణి. పక్కగదిలో మోగేది.

నేను పగలంతా పిన్ని నడిపే రేడియో గదిలోనే ఉండేవాణ్ణి. గది నువ్వు చూసినట్టే ఉంది. కింద లాండ్రీ ఆవిరి, పైన చప్పుడు ఆపడానికి గోడల నిండా గుడ్ల అట్టలు, మధ్యలో మైకు, మూల బల్ల మీద ఆ ముసలి కంప్యూటరు. మన వాడ రేడియో సంపదంతా దాని పొట్టలోనే ఉంది. నువ్వు వెళ్ళేముందు కూర్చుని రికార్డు చేసిపోయిన "అడగండి తల్లీ" భాగాలన్నీ అందులోనే. కడుపుతో ఉన్నవాళ్ళు అడిగినవాటికి నువ్వు చెప్పిన జవాబులు రోజూ పొద్దున్నే వేస్తున్నాం. లాండ్రీలో పనిచేసే అమ్మాయిలు అది అయ్యేదాకా ఇస్త్రీపెట్టె ముట్టుకోరు. కాపీలు తీసి ఇంకెక్కడైనా పెట్టమని పిన్ని ఎన్నిసార్లు మొత్తుకుందో. పొలం పనికి వెళ్ళేవాడు రెండో భూమిని జేబులో పెట్టుకుని వెళతాడా అని ఆవిడ నోరు మూయించాను. ఆ పోలికకి అర్థమేమిటని ఇప్పుడు నన్ను అడగొద్దు.

ఆ కంప్యూటరు ఈమధ్య నత్తలా నడుస్తోంది. ఎందుకా అని చూశాను. డిస్కు అనేది ఒక పెద్ద గోడౌను అనుకో, దాన్ని గదులుగా విడగొట్టి వాడతారు. మన దాంట్లో రెండు పెద్ద గదులున్నాయి. మొదటి దాంట్లో కంప్యూటరుని నడిపే సరంజామా ఉంది, కిక్కిరిసిపోయి అటూ ఇటూ కదిలే చోటు లేదు. రెండో దాంట్లో మన రికార్డింగులున్నాయి, సగానికి పైగా ఖాళీ. చూడగానే నా రక్తం ఉడికింది. పనంతా చేసేవాడికి కాలు ముడుచుకునే చోటు, పాటలు దాచుకునేవాడికి మైదానమా! పంపిణీ చెయ్యాల్సిందే అనుకున్నాను. గదుల గోడలు జరిపే ప్రోగ్రాం ఒకటి దించుకుని, రెండో గది కుదించి మొదటి గది పెంచాను. "విజయవంతంగా పూర్తయింది" అని వచ్చింది. నేను లేచి నిలబడి చప్పట్లు కూడా కొట్టాను.

ఆపేసి మళ్ళీ వేశాను. నల్లటి తెర మీద ఒకే ఒక తెల్లటి వాక్యం: మొదలుపెట్టడానికి ఏ డిస్కూ కనబడలేదు. మళ్ళీ వేశాను. అదే వాక్యం. తీగలు పీకి పెట్టాను. బతిమాలాను, తిట్టాను. ఉహూఁ.

"ఏమైందిరా?" అంది పిన్ని.

"ఓల్టేజీ" అన్నాను. విద్యుత్ శాఖ నిర్లక్ష్యం మీద మరో నాలుగు మాటలు కూడా అన్నాను.

పిన్ని సంగతి నీకు తెలుసుగా, కంగారు పడదు. మైకూ ట్రాన్స్‌మిటరూ కంప్యూటరుతో పనిలేకుండానే నడుస్తాయి. మర్నాడు పొద్దున నీ కార్యక్రమం వేళకి తనే మైకు ముందు కూర్చుని, "మా అక్క గొంతు ఇవాళ రాదు, యంత్రానికి జబ్బు చేసింది. ఎవరైనా వచ్చి నాలుగు మాటలు చెప్పిపోండి" అంది. కాసేపటికి మెట్ల మీద చెప్పులు నిండిపోయాయి. లాండ్రీ యజమాని పాట పాడాడు. ఆయన గొంతు ఎవరూ అడ్డుకోలేకపోయారు. ఒక బడిపిల్ల ఎక్కాలు చెప్పి ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగిపోతే, కింద వీధిలోంచి ఎవరో అందించారు. ప్రజల చేతుల్లో ప్రజల గొంతు అని నేను రెండేళ్ళుగా కరపత్రాల్లో రాస్తున్నానే, అది నా కళ్ళ ముందే జరుగుతుంటే నేను బల్ల కింద దూరి తీగలు లెక్కపెడుతున్నాను!

ఫోన్లో వెతగ్గా తేలిందేమిటంటే, పెన్‌డ్రైవ్ మీంచి నడిచే చిన్న సిస్టం ఒకటి ఉంటుంది. దానితో చచ్చిన కంప్యూటరుని లేపి లోపలికి తొంగి చూడొచ్చు. కాని ఆ పెన్‌డ్రైవ్ తయారు చెయ్యడానికి ఇంకో కంప్యూటరు కావాలి. మన ఎరికలో అది ఒక్కచోటే ఉంది. కళ్ళజోళ్ళ కొట్టులో.

కొట్టు ముందు అటూ ఇటూ తిరిగాను. తిరగబడాలంటే ధైర్యం అక్కర్లేదమ్మా, తిరిగి వెళ్ళాలంటేనే కావాలి. లోపలికి వెళ్ళాను.

"ఏం కావాలి?" అన్నాడు నాన్న, ఎవరొచ్చినా అడిగే గొంతుతోనే.

"నీ కంప్యూటరు. ఒక గంట."

"దేనికి?"

"రేడియో కంప్యూటరు లేవడం లేదు."

"తెలుసు."

"నీకెలా తెలుసు? రేడియో అంటే గోల పెట్టె, దాని మొహం కూడా చూడనని కదా అన్నావు?"

నాన్న, అద్దాలు అరగదీసే మిషను వెనకనుంచి, మెత్తటి గుడ్డ కప్పిన చిన్న రేడియో ఒకటి ముందుకి జరిపాడు.

"పొద్దున మీ అమ్మ రాలేదు" అన్నాడు.

అంతే. ఇన్నాళ్ళూ పొద్దున్నే కొట్టు తీస్తాడేం, ఆ వేళకి ఎవరు కళ్ళజోళ్ళు కొంటారని పిన్నీ నేనూ నవ్వుకునేవాళ్ళం. అక్కడే స్టూలు మీద కూర్చుని, పిన్నికి చెప్పిన ఓల్టేజీ మాట అబద్ధమని చెప్పేశాను. అమ్మా, ఇంతదాకా నీకూ దాచాను, ఇప్పుడు చెబుతున్నాను. ఆ రెండు పెద్ద గదులకీ ముందు, గుమ్మంలోనే, ఇంకో బుల్లి గది ఉంది. పేరు లేదు, తెరిచి చూస్తే పాటలేదు, మాటలేదు. అన్నిటికంటే ముందు వరసలో కూర్చుని ఏ పనీ చెయ్యడం లేదు. పరాన్నభుక్కు అనుకున్నాను. పంపిణీతో పాటు దాన్నీ రద్దు చేశాను. తీరా చూస్తే కంప్యూటరుని నిద్ర లేపేది అదేనట. "లే, నీ సరంజామా ఫలానా గదిలో ఉంది" అని పొద్దున్నే చెప్పేది అదొక్కటే.

నాన్న మొదట కళ్ళజోడు తీశాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడమ్మా! బల్ల పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఒరేయ్, నీ చేతికి దేశం ఇస్తే మొదటిరోజే దీపాలన్నీ ఆర్పేసి, న్యాయం జరిగింది, ఇక పడుకోండి అంటావురా!"

"నవ్వకు నాన్నా, అమ్మ గొంతు అందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు."

నవ్వు ఆగిపోయింది. కుర్చీలోంచి లేచి, "కూర్చో. నీకేం కావాలో చెయ్యి" అన్నాడు. నేను పెన్‌డ్రైవ్ తయారు చేస్తున్నంతసేపూ వచ్చినవాళ్ళకి "కాసేపాగి రండి" అని చెబుతూ గుమ్మంలో నిలబడ్డాడు. పనయ్యాక కొట్టు మూసి నా వెనకే మెట్లెక్కాడు.

పిన్ని చూసి, "ఏం బావా, దారి తప్పావా?" అంది. "నీ పెంపకం చూద్దామని వచ్చాను" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు కట్టుకుని నా నెత్తిమీదే నిలబడ్డాడు.

పెన్‌డ్రైవ్ పెట్టి వేశాను. తెర వెలిగింది. పెద్ద గదులు రెండూ కనబడ్డాయి. రెండోది తెరిస్తే పాటలు, ఉపన్యాసాలు, వాటి కింద నీ పేరుతో ఫోల్డరు. ఉంది సరే, గోడలు జరిపినప్పుడు లోపల చితికిపోయిందేమో! నొక్కడానికి వేలు రాలేదు. నాన్నే వంగి నొక్కాడు.

"ముందు కూర్చోండి" అన్నావు నువ్వు. "గ్లాసుడు నీళ్ళు తాగండి. తర్వాత తీరిగ్గా భయపడదాం."

నాన్న టక్కున కూర్చున్నాడు. సీసా ఎత్తి నీళ్ళు కూడా తాగాడు.

"నేను చెబితే వినలేదుగాని," అంది పిన్ని, "రికార్డు చెబితే విన్నావే!"

ముగ్గురం నవ్వుతున్నాం, నువ్వు మాత్రం ఎవరికో ఎడమవైపు తిరిగి పడుకోమని చెబుతూ పోతున్నావు. అలా ఆ భాగమంతా విన్నాం. నేను ముందు నీ ఫోల్డరు మొత్తం ఇంకో డ్రైవులోకి ఎక్కించి, అప్పుడు మరమ్మతుకి దిగాను. బుల్లి గదిని తీసేసిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడే మళ్ళీ కట్టి, లేపడానికి కావలసిన ఫైళ్ళు అందులో కొత్తగా రాయించాను. వేశాను. మళ్ళీ అదే తెల్ల వాక్యం!

బల్లని తన్నబోయాను. నాన్న నా చొక్కా వెనకనుంచి పట్టుకున్నాడు. "అది మీ పిన్ని బల్లరా. తంతే నీ కాలు విరుగుతుంది, దానికేం కాదు. చదివింది మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. గది కట్టాను, ఫైళ్ళు పెట్టాను, కాని ఇది లేపే గది అని దానికి గుర్తు వెయ్యడం మర్చిపోయాను. వేశాను. మళ్ళీ ఆన్ చేస్తే తెర ఒక క్షణం నల్లగా ఉండి, తర్వాత లేచేటప్పుడు గుండ్రంగా తిరిగే ఆ చుక్కలు వచ్చాయమ్మా! నేను అరిచిన అరుపు మైకులోంచి వాడంతా వినబడిందట. మైకు ఆపలేదని పిన్ని తర్వాత చెప్పింది. కింద లాండ్రీలో కూడా అరిచారు, ఎందుకో వాళ్ళకి తెలీదు.

ఆ అరుపు తర్వాత ఓల్టేజీ కథ నిలబడదు కదా. అదే మైకులో నిజం చెప్పేశాను. విద్యుత్ శాఖకి క్షమాపణ కూడా చెప్పాను. దిద్దుకోలేనివాడు ఇంకొకణ్ణి దిద్దకూడదు, ఇది మాత్రం నేనెక్కడా చదవలేదు. ఇప్పుడు పొద్దున్న నీ కార్యక్రమం, దాని వెనకే పిన్ని మొదలుపెట్టిన "మెట్లెక్కి రండి". రెండూ రోజూ ఉంటాయి.

నీ భాగాలన్నిటికీ ఒక కాపీ కళ్ళజోళ్ళ కొట్టు కంప్యూటర్లో ఉంచుతానన్నాడు నాన్న. ప్రజల ఆస్తి ప్రైవేటు కొట్టులోనా అన్నాను. "అయితే నీ చేతిలో వదిలేద్దామా?" అన్నాడు. ఒప్పుకున్నాను. నిన్న ఫ్రేముల ధరల మీద మళ్ళీ గొంతులు చించుకున్నాం. ఆ పెద్దాయనకి వాయిదాల మీద ఇవ్వడానికి నాన్న దిగొచ్చాడు, దోపిడీ అనే మాట మానెయ్యడానికి నేను దిగొచ్చాను. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: మాట్లాడుకుంటున్నాం, పక్కింటివాళ్ళకి నిద్రలేకుండా.

నువ్వు రికార్డు చేసినవి అయిపోవస్తున్నాయి. శ్రోతల కొత్త ప్రశ్నలు ఈ కవర్లోనే పెడుతున్నాను, జవాబులు ఫోన్లో రికార్డు చేసి పంపు. ఇది రాస్తుండగా నాన్న వచ్చి, "అందులో ఇంకొకటి కలుపు" అన్నాడు.

"ఎవరి పేరుతో?"

"పేరెందుకు? ఒక శ్రోత అను."

"ఇది తల్లుల ఆరోగ్యం గురించిన కార్యక్రమం నాన్నా."

"మీ అమ్మ చూసుకుంటుంది, నువ్వు రాయి."

చెప్పింది చెప్పినట్టు రాశాను: "ఒంట్లో బాగానే ఉంది. నొప్పులేమీ లేవు. పొద్దున మీ కార్యక్రమం అయిపోగానే మాత్రం కొట్టు ఉన్నట్టుండి చాలా పెద్దదిగా కనిపిస్తోంది. కళ్ళు పరీక్ష చేసుకున్నాను, వాటిలో లోపం లేదు. దీనికేమైనా మందుందా, లేక మీకు సెలవు దొరికేదాకా ఓర్చుకోవాలా?"

అన్నీ అందరివీ అన్నది నా సిద్ధాంతమే. కాని ఈ ఒక్క జవాబు మాత్రం రేడియోకి పంపకు. సరాసరి కొట్టుకే పంపు.

ఇట్లు,
కోపం తగ్గలేదు గాని బుద్ధి కాస్త పెరిగిన
నీ కొడుకు