అది గంధపు చెక్క కాదు

డర్బన్,
ఆగస్టు 1996

బావగారికి నమస్కారాలు.

ఫోను ఎంతకీ కలవడం లేదు. మా ఆఫీసు వివేక్ రేపు ఊరికి వస్తుంటే అతని చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

నా పార్సిలు అక్కయ్యను ముట్టుకోనివ్వకండి. కాల్చిన ఇనుప మొనతో చెక్కమీద బొమ్మలు వేయడం సరదాగా మొదలుపెట్టానని రాశాను కదా. మొబేని రోడ్డు పక్కన కొన్న చెక్కను వాసన చూసి గంధమే అనుకున్నాను. దానిమీద లక్ష్మీదేవి బొమ్మ వేసి మీకు పంపాను. మిగిలిన ముక్కను నిన్న సానమీద అరగదీసి మా హరిప్రియ నుదుట పెట్టాను. చెమటకి అది కళ్ళలోకి జారింది. మధ్యాహ్నానికి పాప కళ్ళు తెరవలేకపోయింది.

పక్కింటి మోరీన్ వచ్చి ఆ ముక్క వాసన చూసింది. వాళ్ళ ముత్తాతలు మనవైపు నుంచి వచ్చినవాళ్ళే.

"ఇది టంబోటి మాను, అన్నా. మా అవ్వ పొయ్యిలో కూడా ఎట్టనిచ్చేది కాదు. కళ్ళు పోతయి అనేది," అంది.

డాక్టరు పాప కళ్ళకి కట్టిన కట్టు ఇంకా విప్పలేదు. చేతులు ఎంత కడిగినా ఆ వాసన పోవడం లేదు.

శుక్రవారం అక్కయ్య వరలక్ష్మీ వ్రతం. పార్సిలులో బొమ్మ కింద ఇంకో ముక్క ఉంటుంది. "పేరంటాళ్ళందరికీ ఈ గంధమే పూయి, అక్కయ్యా" అని దానిమీద నేనే కాల్చి రాశాను.

మీ బావమరిది