కెమెరాకి పెట్టిన బొట్టు

ఆదివారం, రాత్రి

కెమెరా బ్యాగు సర్దేశాను. అన్నయ్యతో మాటల్లేవు.

సత్తెనపల్లి మిర్చి వ్యాపారి కూతురి పెళ్లి బ్యాంకాక్‌లో. వీడియో తీసేది నేను. బుధవారం విమానం. సాయంత్రం చర్చి నుంచి వచ్చేసరికి అన్నయ్య స్పిరిటూ దూదీ పెట్టుకుని నా కెమెరా తుడుస్తున్నాడు. షూటింగ్ మొదలుపెట్టేముందు ప్రతి పెళ్లివారూ దానికి బొట్టు పెడతారు. ఆ పసుపూ కుంకుమా స్క్రూల సందుల్లో పాతుకుపోయాయి.

"ఫారిన్ పోతా ఈ మురికేందే? కొత్తదానిలా మెరవాలి."

లాక్కున్నాను. "కొత్తదానిలా ఉంటే వచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లు అక్కడే కొన్నావంటారు, పన్ను కట్టమంటారు."

"అయితే చీరల మధ్య దాచెయ్. ఆడపిల్ల పెట్టె ఎవరు వెతుకుతారు?"

దాచడమా? దొంగతనం చేశానా? వెళ్లేటప్పుడే కస్టమ్స్ వాళ్ల బల్ల మీద పెట్టి, ఇక్కడి నుంచి తీసుకెళ్తున్నదేనని కాగితం మీద కెమెరా నంబరు రాయించి, ముద్ర వేయించుకుంటాను.

అమ్మ ఇంకోటి అంది. "నీ మొహానే బొట్టు లేదు, దానికెందుకే?"

కొన్ని ఇళ్లల్లో కెమెరాకి బొట్టు పెట్టి, నాకు మాత్రం మంచినీళ్లు పేపర్ గ్లాసులో ఇచ్చారు. పక్కనే అందరికీ స్టీలు గ్లాసులు. ఆ పెళ్లిళ్లు కూడా నేనే తీశాను. బాగా తీశాను.

కస్టమ్స్ ఆఫీసరు గబగబా ఇంగ్లీషులో అడిగితే... ఆ భయం ఉంది. ఉండనీ.

బొట్టు ఎవరు పెట్టినా సరే, తుడవను. ముద్ర వేసిన కాగితంలో యజమాని అన్నచోట నా పేరే ఉంటుంది.