మైలుతుత్తంలో నీళ్లు

గుంటూరు,
12-9-2001

నాన్నా,

కెమిస్ట్రీ తప్పానని శనివారం వచ్చి నన్ను కాలేజీ మాన్పిస్తానన్నావట. నా పొరపాటు ఎక్కడో దొరికింది.

పరీక్షలో, మనం సున్నంతో కలిపి నారుకి కొట్టే మైలుతుత్తం ఒక మోల్ ఎంత బరువో లెక్క కట్టమన్నారు. మోల్ అంటే మా కెమిస్ట్రీలో డజను లాంటి ఒక లెక్క. అందులో నీళ్లున్నాయి కదాని, మిరపకాయలు కాటా వేసేటప్పటిలా తేమకి తరుగు తీసేసి నూట యాభై తొమ్మిదిన్నర గ్రాములు రాశాను. శేషాచలం మాస్టారు నవ్వలేదు. "నీళ్లతో కలిపి రెండొందల నలభై తొమ్మిదిన్నర అమ్మా" అంటూ కాస్త మైలుతుత్తం వేడిచేసి చూపించారు. నీళ్లు పోగానే నీలమంతా పోయి తెల్లగా పిండైపోయింది. అవి పైన పట్టిన తేమ కాదు నాన్నా, దాని ఒంట్లోవే.

శనివారం రా. పెట్టె మాత్రం సర్దను. కొట్టంలో ఉన్న మైలుతుత్తం పొట్లం పట్టుకురా. అందులో ఎన్ని మోల్సున్నాయో నీ ముందే కట్టి చెప్తాను, నీళ్లతో సహా.

నీ కూతురు